ఫ్లోరెన్స్‌కి పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తున్నారా? ముందు ఎక్కడెక్కడ కూర్చోవచ్చో చూసుకోండి

మీరు అడిగింది ఇది: మే నెల మధ్యలో మ్యూనిక్ నుంచి ఫ్లోరెన్స్‌కి నాలుగు రోజులు. మీరిద్దరు, 3 ఏళ్ల పాప, 8 ఏళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి షుగర్, ఇద్దరూ శాకాహారులు. మీరు వేసుకున్న ప్లాన్‌లో మొదటి రోజు దువోమో, అంటే ఊరి పెద్ద చర్చి, దాని గోపురం ఎక్కడం, ఉఫిజీ మ్యూజియం. రెండో రోజు అకాదెమియా మ్యూజియం, పిట్టి ప్యాలెస్, బోబొలి తోట. మూడో రోజు పీసా, సియెనా రెండూ ఒకే రోజు. నాలుగో రోజు మిగిలినవి. ఇది అవుతుందా అని అడిగారు.

అవదండీ. మీరిద్దరే అయితే ఎలాగోలా లాగించేస్తారు, ఆరుగురితో రెండో రోజు మధ్యాహ్నానికే ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు.

నేను ఇటలీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే ఊరి నుంచి ఎవరో ఒకరు దిగుతారు, పెద్దవాళ్లూ మనవలూ కలిసే వస్తారు, వాళ్లను ఫ్లోరెన్స్ తిప్పే పని నా మీదే పడుతుంది. అలా తిప్పగా తిప్పగా నాకు తెలిసింది ఏమిటంటే, పెద్దవాళ్లదీ పిల్లలదీ ఒకే స్పీడు. ఇద్దరికీ గంటకోసారి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, టైముకి తిండి పడాలి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి, బాత్‌రూమ్ దగ్గరలో ఉండాలి. వాళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి గొడవే లేదు. ఆ స్పీడుకి కలవనిది మధ్యలో ఉన్న మనమే, ఇంత డబ్బు పెట్టి వచ్చాం, అన్నీ చూసెయ్యాలి అని. కాబట్టి చూడాల్సినవాటి లిస్టు పక్కన పెట్టి, కూర్చోడానికి చోటెక్కడుందో ఆ లెక్కన ఊరిని చూడండి. ఫ్లోరెన్స్ దానికి బాగా సరిపోయే ఊరు, ఎందుకంటే పాత ఊరంతా ఆర్నో నదికి ఉత్తరాన దాదాపు చదునుగా ఉంటుంది, స్టేషన్ నుంచి సాంతా క్రోచె చర్చి దాకా మెల్లగా నడిచినా అరగంటే.

మొదట బస. ఎయిర్‌పోర్ట్ నుంచి టీ2 ట్రామ్ సాంతా మరియా నొవెల్లా స్టేషన్ మీదుగా ఇప్పుడు పియాజ్జా సాన్ మార్కో దాకా వస్తోంది, మెట్లెక్కే పని లేకుండా సామాన్లతో సహా ఎక్కి దిగొచ్చు. అందుకని సాన్ మార్కో, సాన్ లొరెంజో, సాంతిస్సిమా అనుంజియాతా, ఈ మూడింటి మధ్య చూడండి. వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి, హోటల్ వద్దు. బుక్ చేసే ముందు ఇంటివాళ్లకు మెసేజ్ పెట్టి రెండు విషయాలు అడగండి: లిఫ్ట్ ఉందా, లిఫ్ట్ దాకా వెళ్లడానికి మెట్లున్నాయా. ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. పాత బిల్డింగుల్లో లిఫ్ట్ తర్వాతెప్పుడో ఇరికించి పెట్టిందే, వీధి తలుపు తీశాక పది పన్నెండు మెట్లెక్కితే గానీ అది కనిపించదు, అది కూడా ఇద్దరు మనుషులు, ఒక సూట్‌కేసుతో నిండిపోతుంది. ఎత్తు కప్పులు కాబట్టి ఇక్కడ రెండో అంతస్తంటే మన మూడో అంతస్తు అనుకోండి. ఒక మంచి విషయం, బాత్‌రూమ్‌లో బిడే, అంటే నీళ్లతో కడుక్కునే చిన్న బేసిన్, తప్పకుండా ఉంటుంది. ఇళ్లలో అది ఉండి తీరాలని ఇక్కడ 1975 నుంచి రూలే ఉంది. జర్మనీలో టిష్యూ పేపర్‌తో అవస్థ పడిన మీ నాన్నగారికి ఇటలీ మీద గౌరవం అక్కడే పుడుతుంది.

కారు మాత్రం అద్దెకు తీసుకోకండి. పాత ఊరంతా జెడ్‌టీఎల్, అంటే పర్మిషన్ లేని బండి లోపలికి వెళ్తే కెమెరా నంబర్ పట్టేస్తుంది, ఫైన్ నెలల తర్వాత మీ ఇంటికి వస్తుంది. ట్యాక్సీ రోడ్డు మీద చెయ్యి ఊపితే ఆగదు, స్టాండ్‌కి వెళ్లాలి లేదా ఫోన్ చెయ్యాలి. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు, మీరు ఆరుగురు, అందుకని ఫోన్ చేసినప్పుడే పెద్ద బండి అడగండి. ఊళ్లో సీ1, సీ2 అలా నంబర్లుండే చిన్న ఎలక్ట్రిక్ బస్సులు పాత వీధుల్లోకే దూరి తిరుగుతాయి, అమ్మగారికి అవి వరం. ఎక్కగానే టికెట్ వాలిడేట్ చేయడం మర్చిపోకండి, ఇన్‌స్పెక్టర్లు టూరిస్టులని వదలరు.

ఇక గోపురం. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, కొన్నిచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. పక్కనే ఉన్న జొత్తో గంట స్తంభం 414 మెట్లు, అదీ అంతే. అందరూ కలిసి ఎక్కే ప్రసక్తే లేదు. కానీ మీ 8 ఏళ్ల వాడు ఎక్కగలడు, ఎక్కాలి కూడా. మీరో మీ ఆవిడో ఒకరు వాణ్ని తీసుకుని పొద్దున మొదటి స్లాట్‌లో ఎక్కండి, మిగతా నలుగురూ ఆ టైముకి ఇంట్లో నిదానంగా ఇడ్లీయో ఉప్మానో తిని బయల్దేరతారు. గ్రూపును విడగొట్టడం తప్పు కాదు, మన కుటుంబాల్లో ఇది ఎందుకో పెద్ద నేరంలా చూస్తారు, ఆరుగురూ అన్నిచోట్లా ఆరుగురుగానే ఉండాలని. పైకెళ్లేముందు వాడికి ఇది చెప్పండి: 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తి చేసిన ఈ గోపురాన్ని బ్రునెలెస్కి అనే వాస్తుశిల్పి నేల నుంచి చెక్క ఆసరా లేకుండా కట్టించాడు, అంత వెడల్పుకి సరిపడే చెక్క దొరకడం కష్టం. ఇటుకలు చేపముల్లు ఆకారంలో పేర్చి, ఏ వరసకావరస తన బరువు తనే మోసుకునేలా చేశాడు. రెండు పొరల గోపురం, మీరు ఎక్కే మెట్లు ఆ రెండు పొరల మధ్యలోవే. పైకి సరుకు లాగడానికి ఎద్దులు తిప్పే యంత్రం తయారు చేశాడు. ఇది తెలిసి ఎక్కితే వాడు మెట్లు లెక్కపెట్టడం మానేసి గోడలు చూస్తాడు.

చర్చి లోపలికి ఉచితమే గానీ క్యూ చర్చిని సగం చుట్టి ఉంటుంది. నా మాట వింటే ఆ క్యూలో నిలబడొద్దు. దువోమో గొప్పదనం బయటే ఎక్కువ, లోపల చాలా భాగం ఖాళీగా, చీకటిగా ఉంటుంది. దాని బదులు చర్చి వెనక వైపుకి వెళ్లి పిల్లలకు ఒక పని పెట్టండి: నేల మీద రాళ్లలో ఒక గుండ్రటి తెల్లటి పాలరాయి ఉంది, కనిపెట్టమనండి. గోపురం కొన మీద ఉండే బంగారు పూత రాగి బంతి 1600 ప్రాంతంలో పిడుగు పడి కిందికి దొర్లింది, అది పడిన చోటుకి గుర్తు అది. దాని మీద ఏమీ రాసి ఉండదు, వేలమంది తొక్కుకుంటూ పోతుంటారు. పాప దాని మీద నిలబడి పైకి చూస్తే మీ నాన్నగారు తప్పకుండా ఫోటో తీస్తారు.

వెనక వైపే దువోమో మ్యూజియం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు, నేనైతే ఉఫిజీ కన్నా ముందు దీన్నే చూపిస్తాను. లిఫ్టులున్నాయి, ఏసీ ఉంది, కూర్చునే చోట్లున్నాయి, జనం తక్కువ. బయట బాప్తిస్తరీకి, అంటే దువోమో ఎదురుగా ఉన్న బాప్తిజం మందిరానికి, ఉన్న బంగారు తలుపులు నకళ్లు. శిల్పి గిబెర్తి 1425 నుంచి 1452 దాకా చేసిన అసలువి లోపల పెద్ద హాల్లో గాజు వెనక ఉంటాయి, బయట తోసుకుంటూ చూసేదాన్ని ఇక్కడ బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. గోపురం ఎక్కే పాస్‌లోనే దీనికీ ఎంట్రీ ఉంటుంది.

కూర్చునే చోట్ల సంగతికి వస్తే, ఈ ఊళ్లో పాత ధనవంతుల మేడలకి వీధి వైపు గోడ పొడవునా రాతి అరుగులుంటాయి, అచ్చం మన పాత పెంకుటిళ్ల అరుగుల్లాగే. 1444లో మొదలైన మెదిచి మేడకీ ఉంది, 1489లో మొదలైన స్ట్రొత్సి మేడకీ ఉంది. పని మీద వచ్చినవాళ్లు పిలుపు వచ్చేదాకా వాటి మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడూ ఎవరూ లేవమనరు, డబ్బు అక్కర్లేదు, మధ్యాహ్నం ఒకవైపు నీడ ఉంటుంది. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, "అత్తయ్యా, ఇక్కడి నుంచి రెండు వీధులు, తర్వాత అరుగు" అని మీ ఆవిడ అంటే ఆవిడ ధైర్యంగా నడుస్తారు. నడక కన్నా ఎంత దూరమో తెలియకపోవడమే పెద్దవాళ్లకు ఎక్కువ టెన్షన్. మెదిచి మేడలోపల ఒక చిన్న పూజ గది ఉంది, గోడల నిండా 1459లో బెనొత్సో గొత్సొలి వేసిన ఊరేగింపు బొమ్మ. గుర్రం మీద మనిషి వెనకాల కూర్చున్న చిరుత ఒకటి ఉంటుంది, ఒంటెలుంటాయి, పిల్లలకు వాటిని వెతికే పని పెడితే పది పదిహేను నిమిషాలు అందరికీ ప్రశాంతం.

ఎత్తు నుంచి ఊరు చూడాలన్న కోరిక అమ్మగారికీ ఉంటుంది కదా. దానికి మెట్లు అక్కర్లేదు. దువోమోకి దగ్గర్లో ఒబ్లాతె అనే పబ్లిక్ లైబ్రరీ ఉంది, పాత కాన్వెంట్ బిల్డింగ్. లిఫ్ట్‌లో పైకి వెళ్తే ఒక క్యాంటీన్, అక్కడ కాఫీ పట్టుకుని కూర్చుంటే గోపురం ఎదురుగా ఉంటుంది. పిల్లల పుస్తకాల సెక్షన్ ఉంది, బాత్‌రూములున్నాయి, ఎంట్రీ ఫ్రీ. ఆదివారం మూసి ఉంటుంది. సాయంత్రానికైతే 12 నంబరు బస్సెక్కి పియాజ్జాలె మైకెలాంజెలోకి వెళ్లండి, బస్సు గుట్ట పైన మైదానం దగ్గరే దింపుతుంది. మేలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, పాప అప్పటికి నిద్రకి ఏడుస్తుంటుంది, కాబట్టి ఆరింటికే వెళ్లి ఏడున్నరకి దిగిపోండి. సూర్యాస్తమయం లేకపోయినా ఆ వ్యూకి వచ్చే నష్టం లేదు, పైగా దిగేటప్పుడు బస్సులో సీటు దొరుకుతుంది.

ఇప్పుడు నేను తప్పకుండా వెళ్లండి అని పట్టుబట్టే ఒక్క చోటు చెప్తాను. ఉఫిజీ మానేసినా ఏమీ అనను, ఇది మానెయ్యకండి. పియాజ్జా సాంతిస్సిమా అనుంజియాతాలో ఇన్నొచెంతి అనే పాత అనాథ శిశువుల ఆశ్రమం ఉంది. 1419లో బ్రునెలెస్కియే మొదలుపెట్టాడు, 1445లో తెరిచారు, మొదట చేరిన ఆడపిల్లకు అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. బయట వరండా కమానుల మధ్య నీలం పలకల మీద పొత్తిళ్లలో చుట్టిన తెల్లటి మట్టి పాపాయిలు, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, మూడేళ్ల పిల్లకి అవి వెంటనే నచ్చుతాయి. లోపల మ్యూజియంలో ఒక గదిలో చిన్న చిన్న సొరుగులుంటాయి, ఒక్కో దాని మీద ఒక పేరు. సొరుగు లాగితే లోపల సగానికి విరిచిన నాణెమో, కోసిన పతకమో, పూస ముక్కో ఉంటుంది. బిడ్డను వదిలి వెళ్లిన తల్లి దాన్ని బిడ్డతో పాటు పెట్టేది, రెండో సగం తన దగ్గరే ఉంచుకునేది, ఎప్పుడైనా తిరిగి వస్తే ఆనవాలుగా. ఉన్నవి చాలావరకు 1800ల నాటివి. మా మేనత్త ఒకావిడ, మ్యూజియం అంటే విసుక్కునే మనిషి, ఆ గదిలో ఒక్కో సొరుగూ లాగి చూసి మళ్లీ జాగ్రత్తగా మూసి, అలా వరస మొత్తం పూర్తి చేసి గానీ కదల్లేదు. ఒక్క ఇటాలియన్ ముక్క ఆవిడకి రాదు, ఎవరూ ఏమీ వివరించనూ అక్కర్లేకపోయింది. అదే బిల్డింగ్ పై అంతస్తులో ఒకప్పుడు బట్టలారేసుకున్న చోటు ఇప్పుడు కాఫీ షాపు, లిఫ్ట్ ఉంది, గోపురం కనిపిస్తుంది. మంగళవారం సెలవు.

మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం గురించి. అకాదెమియా చిన్న మ్యూజియం, ముప్పావుగంట చాలు, పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి. 5 మీటర్లు దాటిన విగ్రహం, అంతకు ముందు వేరేవాళ్లు కొంత చెక్కి వదిలేసిన రాయి, ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని తీసుకుని మైకెలాంజెలో 1501లో మొదలుపెట్టి 1504కి పూర్తి చేశాడు. నగ్న విగ్రహమని మనవల ముందు తాతగారు ఇబ్బంది పడతారేమో అని చాలామంది నన్ను పక్కకి పిలిచి అడుగుతారు. పిల్లలు రెండు నిమిషాలు నవ్వుతారు, ఆ తర్వాత మర్చిపోతారు, తాతగార్లు అసలు ఏమీ అనరు. దారిలో రెండు వైపులా సగం చెక్కిన బందీల విగ్రహాలున్నాయి, మనుషులు రాతిలోంచి బయటికి రావడానికి తన్నుకుంటున్నట్టు. లేపాక్షిలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం చూసిన పెద్దవాళ్లు వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు, ఉలి గుర్తులు చూస్తూ.

ఉఫిజీకి వెళ్తే గంటన్నర కన్నా ఎక్కువ పెట్టుకోకండి. వీల్‌చెయిర్ ఎంట్రన్స్‌లో అడిగితే ఇస్తారు, అమ్మగారు వద్దంటారు, తీసుకోండి, పాప ఒళ్లో కూర్చుంటుంది, ఇద్దరి సమస్యా తీరిపోతుంది. బొత్తిచెల్లి గదులు, లియొనార్దో బొమ్మ, మైకెలాంజెలో గుండ్రటి బొమ్మ, కారిడార్ కిటికీలోంచి పొంటే వెక్కియో అనే పాత వంతెన, చివర కరవాజ్జియో డాలు మీద వేసిన మెదూసా తల, అంతే. బాబుకి ముందురోజే బయట పియాజ్జా దెల్లా సిన్యోరియాలో చెల్లీని కంచు విగ్రహం చూపించండి, గ్రీకు కథల్లోని వీరుడు పెర్సెయుస్ చేతిలో తెగిన మెదూసా తల పట్టుకుని నిలబడి ఉంటాడు, జుట్టంతా పాములు. ఆ కథ చెప్పి ఉంచితే లోపల డాలు కనిపించగానే వాడే మీకు చూపిస్తాడు. మ్యూజియంలో పిల్లలకు కావాల్సింది తెలిసిన మొహం ఒకటి కనిపించడమే.

ఉఫిజీ పక్కనే నది ఒడ్డున గెలీలియో మ్యూజియం, 8 ఏళ్ల వాడికి ఊరంతటిలో ఇదే నచ్చుతుంది. ఆయన టెలిస్కోపులు, గురుగ్రహం చంద్రుల్ని చూసిన పగిలిన కటకం, వీటన్నిటికీ మించి గాజు బుడ్డిలో గెలీలియో మధ్యవేలు. 1737లో ఆయన శరీరాన్ని సాంతా క్రోచెలో సమాధికి మార్చేటప్పుడు తీసి దాచుకున్నారు. శరీరంలో ముక్కని ఇలా పెట్టుకోవడం ఏంటని అమ్మగారు మొహం తిప్పుకుంటారు, బాబు మాత్రం మ్యూనిక్ వెళ్లాక క్లాసులో అందరికీ ఇదే చెప్తాడు.

మధ్యమధ్యలో పిల్లల కోసం: పియాజ్జా దెల్లా రిపబ్లికాలో పాతకాలపు రంగులరాట్నం. కొత్త మార్కెట్ అనే కమానుల మంటపం దగ్గర కంచు అడవిపంది, అందరూ ముట్టె రుద్ది రుద్ది బంగారంలా మెరుస్తుంటుంది. నోట్లో నాణెం పెడితే అది జారి కింద జాలీలోంచి లోపల పడితే అదృష్టమంటారు. వరాహస్వామే అనుకుని దండం పెట్టిన బామ్మగార్లని చూశాను. తోట కావాలంటే బోబొలి వద్దు, కంకర, ఏటవాలు, స్ట్రాలర్‌తో నరకం. కొంచెం ఉత్తరాన ఒర్తికొల్తూరా తోటకి వెళ్లండి, పాత ఇనుము-గాజు హరితగృహం ఉంది, మెట్ల పక్కన రంగురంగుల డ్రాగన్ పాకుతూ ఉంటుంది, పిల్లలు దాన్ని వదలరు. స్ట్రాలర్ అంటే గుర్తొచ్చింది, చిన్న ప్లాస్టిక్ చక్రాలది తెస్తే ఈ రాతి పలకల మీద పాప పళ్లు కదిలిపోతాయి. పెద్ద రబ్బరు చక్రాలది తీసుకురండి, పేవ్‌మెంట్లు ఇరుకు కాబట్టి వెడల్పుది వద్దు.

తిండి. ఇది మీరు అనుకున్నంత కష్టం కాదు. తొస్కానా, అంటే ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతం, అక్కడి వంటల్లో శాకాహారం చాలానే ఉంది. టమాటా, రొట్టెతో చేసే పాప్పా అల్ పొమొదోరొ మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్లకి, పాపకి ఇద్దరికీ సరిపోతుంది. రిబొల్లీతా అనే చిక్కటి కూరగాయల సూప్‌లో ఒక్కోచోట మాంసం నీళ్లు వాడతారు, అడగాలి. "సెంత్సా కార్నె, సెంత్సా బ్రోదొ ది కార్నె" అని చెప్పండి, మాంసం వద్దు, మాంసం రసం వద్దు అని. అల్యొ ఓల్యొ పెపెరొంచీనొ, అంటే వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి వేసిన స్పగెట్టి, కారం ఎక్కువ వెయ్యమంటే నాన్నగారు రోజూ అదే అడుగుతారు. నిష్ఠగా ఉండేవాళ్లైతే ఒక సంగతి తెలియాలి, పర్మెజాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు. చీజ్ వద్దు అనడం "సెంత్సా ఫొర్మాజ్జొ". ఇక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు, చెడిపోయిందనుకుని వెనక్కి పంపకండి, అది అంతే.

టైములతోనే చిక్కు. హోటళ్లలో వంట పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నర తర్వాతే. షుగర్ ఉన్న మనిషి, మూడేళ్ల పిల్ల ఏడున్నర దాకా ఆగరు. అందుకే వంటిల్లు ఉన్న ఇల్లు అన్నాను. బాస్మతి సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది, తియ్యనిది కాని తెల్ల పెరుగు దొరుకుతుంది, ఆవకాయ మీ అమ్మగారు ఎలాగూ తెచ్చే ఉంటారు. రాత్రి పెరుగన్నం ఇంట్లో, మధ్యాహ్నం భోజనం బయట, అది కూడా సరిగ్గా పన్నెండున్నరకి, అప్పుడు టేబుళ్లు ఖాళీగా ఉంటాయి, ఆరుగురికి చోటిస్తారు. ఆరుగురూ ఆరు రకాలు అడిగే రోజు సాన్ లొరెంజో దగ్గర మెర్కాతొ చెంత్రాలె పై అంతస్తుకి వెళ్లండి, ఎవరికి కావాల్సింది వాళ్లు తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆపకుండా నడుస్తుంది. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు కొపెర్తొ అని వేస్తే మోసం అనుకోకండి, కూర్చున్నందుకు వేసే చార్జీ. ఐస్‌క్రీమ్ మాత్రం ధర బోర్డు చూశాకే అడగండి. పొంటే వెక్కియో దగ్గర ఒక షాపులో మావాళ్లు కోన్ సైజు అడక్కుండా చెయ్యి చూపించి, ఒక పూట భోజనం డబ్బు కట్టి బయటికి వచ్చారు. గుట్టలు గుట్టలుగా రంగులు మెరిసేలా పెట్టినచోట కొనొద్దు, మూతలున్న స్టీలు డబ్బాల్లో పెట్టేచోట కొనండి. నీళ్లు కొనక్కర్లేదు, సిన్యోరియా చౌకులో నెప్చూన్ ఫౌంటెన్ పక్కన కుళాయి ఉంది, మామూలు నీళ్లూ సోడా నీళ్లూ రెండూ ఫ్రీ.

బాత్‌రూమ్ కోసం ఏదైనా బార్‌లోకి వెళ్లి కాఫీ ఒకటి నిలబడి తాగండి, అప్పుడు తాళం అడిగితే ఇస్తారు. బార్ అంటే ఇక్కడ కాఫీ హోటలే, అమ్మగారికి ముందే చెప్పండి. కూర్చుంటే అదే కాఫీకి రెండింతలు.

పీసా, సియెనా ఒకే రోజు ఆలోచన కొట్టెయ్యండి. సియెనా అంతా ఎత్తుపల్లాలు, మోకాళ్లకి సరిపడదు. పీసా టవర్ మీదికి 8 ఏళ్ల లోపు పిల్లలను ఎక్కనివ్వరు, అమ్మగారు ఎలాగూ ఎక్కరు. కిందనుంచి ఫోటో కోసం వెళ్లి రావాలంటే సగం రోజు పోతుంది. ఊరు దాటాలని ఉంటే లుక్కా వెళ్లండి, రైల్లో గంటా ఇరవై నిమిషాలు, స్టేషన్ కోట గోడకి ఆనుకునే ఉంటుంది. ఆ గోడ 4 కిలోమీటర్ల చుట్టు, పైన రోడ్డంత వెడల్పు, చెట్లు, నీడ, బెంచీలు, బండ్లు రావు. ఎక్కడానికి ఏటవాలు దారులున్నాయి. కప్పు ఉన్న నాలుగు చక్రాల తొక్కుడు బండి అద్దెకిస్తారు, మీరూ మీ ఆవిడా తొక్కుతుంటే అమ్మానాన్నలు జమీందార్లలా వెనక కూర్చుంటారు.

నాలుగో రోజుకి ఒకటుంది, తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. ఊరికి పడమర చివర కాషీనె అనే పెద్ద పార్కు, ఆ చివరన ఆర్నోలో మున్యోనె అనే చిన్న వాగు కలిసే చోట ఒక ఛత్రం కింద మన రాజు విగ్రహం ఉంది. కొల్హాపూర్ మహారాజు రెండో రాజారాం, ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంగ్లండ్ చూసి తిరిగి వస్తూ 1870 నవంబర్ 30న ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. అప్పుడు ఇక్కడ దహనం మామూలు కాదు, ఊరివాళ్లు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే ఆ నదీ సంగమం దగ్గరే హిందూ పద్ధతిలో దహనం చేశారు. 1874లో స్మారకం పెట్టారు. పక్కన తర్వాత కట్టిన పెద్ద వంతెన పేరు కూడా ఇండియన్ వంతెనే. నాన్నగారి తరం వాళ్లకి ఇది ఉఫిజీ కన్నా ఎక్కువ గుర్తుంటుంది. టీ1 ట్రామ్ పార్కు మొదట్లోనే దింపుతుంది, స్మారకం అవతలి చివర ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్లతో ట్యాక్సీలో వెళ్లండి, వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి. పగటిపూటే వెళ్లాలి, చీకటి పడ్డాక ఆ పార్కు వద్దు.

ఇంకో ముక్క, స్టిబ్బర్ట్ మ్యూజియం. ఉత్తరాన గుట్ట మీద, గుర్రాల మీద కవచాలు వేసుకున్న సైనికుల నిలువెత్తు బొమ్మల ఊరేగింపు ఉన్న హాలు ఒకటుంది. స్టిబ్బర్ట్ తాత బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యాధిపతి, ఆ డబ్బుతోనే మనవడు ఇదంతా కూడబెట్టాడు. మీకు టైము మిగిలితేనే, లేదంటే వదిలెయ్యండి.

నాన్నగారి మందులు హ్యాండ్ బ్యాగులోనే, ప్రిస్క్రిప్షన్‌లో మందు అసలు పేరు ఉండేలా చూసుకోండి, బ్రాండ్ పేరు ఇక్కడ పనికిరాదు. పచ్చ శిలువ గుర్తు ఉంటే మందుల షాపు. ఎమర్జెన్సీకి 112. షెంగెన్ వీసాకి తీసుకున్న 30,000 యూరోల ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు కవర్ అవుతాయో లేదో ఒకసారి చదవండి, చాలావాటిలో కావు. చొక్కా పై జేబులో డబ్బు పెట్టుకునే అలవాటు స్టేషన్‌లో, బస్సులో మాన్పించండి. టికెట్ మెషీన్ దగ్గర "సాయం చేస్తా" అని వచ్చేవాళ్లకి నో చెప్పి కదిలిపోండి.

ఇప్పుడే బుక్ చెయ్యాల్సినవి మూడే: గోపురం ఇద్దరికి, అకాదెమియా అందరికీ, ఉఫిజీ కావాలనుకుంటే అది. ప్రభుత్వ మ్యూజియంలలో 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం, పాస్‌పోర్ట్ చూపించాలి, కానీ స్లాట్ బుకింగ్‌లో వాళ్ల పేర్లూ వెయ్యాలి. అకాదెమియా, ఉఫిజీ రెండూ సోమవారం మూసేస్తారు, నెలలో మొదటి ఆదివారం అందరికీ ఫ్రీ కాబట్టి ఆ రోజు దరిదాపులకి వెళ్లకండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, సోమ, మంగళవారాలు ఎక్కడ పడుతున్నాయో చూసి ఏ రోజు ఏది ముందో వరస చెప్తాను.